జానకమ్మ పంతం

“ఇక లాభం లేదమ్మా. మనసు రాయి చేసుకోండి.”

డాక్టర్ సత్యనారాయణ చేతులెత్తేశాడు. బల్ల మీద పిచ్చిరెడ్డికి నాడి ఆడటం లేదు. కాంపౌండర్ ఎల్లయ్య ఇరవై నిమిషాలుగా ఆయన ఛాతీ నొక్కుతూనే ఉన్నాడు. బనియన్ తడిసి ముద్దయింది.

జానకమ్మ కదల్లేదు. గుండెనొప్పితో ఎండలో కూలిన మనిషిని జీపులో వేసుకుని, హుజూర్‌నగర్ అవతలి పల్లె నుంచి సూర్యాపేట దాకా తెచ్చింది ఆమే. తీరా నర్సింగ్ హోం గేటు దాటుతుంటే గుండె ఆగింది.

“లాభం లేదంటే ఎట్ల సార్? నన్ను పదేండ్లు ఏడిపిచ్చిండు. గింత సులువుగ పోతడా? పోనియ్య.”

ఆ గొంతులో ఏడుపు లేదు, పగ ఉంది. ఎంత నరకం చూసిన సంసారమో అనుకున్నాడు డాక్టర్. వేరే జిల్లా నుంచి వచ్చి నెలే అయింది, ఇక్కడి ఊళ్ల సంగతులు ఆయనకు తెలియవు. అయినా ఒళ్లు మండింది. చావు దగ్గర కూడా సాధింపేనా?

“మీరు బయట కూర్చోండి.”

“కూసోను. ఇంకేమన్న ఉంటే సెయ్యుండ్రి. వీడు కండ్లు తెరవాలె. తెరిచి నన్ను సూడాలె.”

మూలన కొత్త స్కానింగ్ మిషన్ ఉంది. గర్భిణుల కోసం కొన్నది. కడుపులో బిడ్డ గుండె కనబడగా లేనిది, ఈయన గుండె ఎందుకు కనబడదు? డాక్టర్ మొండిగా మిషన్‌ను బల్ల దగ్గరికి లాగాడు. జెల్లీ పూసి పక్కటెముకల కింద ఆనించాడు.

“ఎల్లయ్యా, ఒక్క క్షణం చేతులు తియ్.”

తెర నిండా బూడిదరంగు. మధ్యలో సన్నటి కదలిక. నాడి చేతికి అందకపోయినా గుండె ఇంకా కొట్టుకోవాలనే చూస్తోంది.

“ఆగకు. నొక్కు.”

ఇంజెక్షన్ ఎక్కించాడు. మళ్లీ తెర చూశాడు. మళ్లీ నొక్కించాడు. ఓ పక్కటెముక పుటుక్కుమంది. జానకమ్మ కళ్లార్పకుండా చూస్తూ నిలబడింది.

పదో నిమిషంలో మెడ దగ్గర నాడి వేలికి తగిలింది. కాసేపటికి పిచ్చిరెడ్డి మూలిగాడు.

డాక్టర్ కుర్చీలో కూలబడ్డాడు. కోపమంతా కరిగిపోయింది. ఎంత తిట్టినా కట్టుకున్నవాడి మీద ప్రేమ ఎక్కడికి పోతుంది అనుకున్నాడు.

“మీ తాళి గట్టిదమ్మా,” అన్నాడు.

జానకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

“నా తాళి తెంపించిందే వీడు సార్, ఇప్పుడు సర్పంచ్‌కు నా మీద నిలబడ్డడు, నిలబడ్డోడు సస్తే ఎల్లుండి ఎలచ్చన్ ఆగిపోతది, నా చేతిల ఓడినంక సావమను.”