మామ ఒడి

"ఈడ కరోనా సీకు జాస్తిగా ఉండాదక్కా. పిల్లోళ్లను తీసుకోని రావద్దు," అన్నాడు పార్థిబన్ మలేషియా నుంచి.

శోభనకు కోపం వచ్చింది. ముగ్గురికీ టికెట్లు తీసి, పెట్టెలు కూడా సర్దేసింది. మొదటి గుండు మేనమామ ఒడిలోనే కొట్టించాలని, ఐదేళ్లొచ్చినా కొడుకు జుట్టుకు కత్తి తగలనివ్వలేదు. తమ్ముడికి లీవు దొరక్కపోయేసరికి, అక్కడి మురుగన్ గుడిలోనైనా మొక్కు తీర్చుకుందామనుకుంది.

"మాస్కులు కట్టుకోని వస్తాం లేరా. జడేసుకోని పోతాంటే బడిలో వీణ్ణి ఆడపిల్ల అని ఎగతాళి చేస్తాండారు."

"వొద్దక్కా. ఈ కరోనా పోనీ, నేనే తిరుత్తణికి వస్తా. అంతవరకూ వాని జడ మీద ఎవురినీ చెయ్యి వెయ్యనీయాకు."

వాకిట్లో ఆడుకుంటున్న కూతురినీ కొడుకునూ శోభన చూసింది. "సరే," అని ఫోను పెట్టేసింది. ఆ వారమంతా తమ్ముడితో మాట్లాడలేదు.

ఏడాది తర్వాత, ఏటి గట్టున పిల్లవాడి జడ విప్పుతూ మంగలి ఆగిపోయాడు.

"ఇదే మొదటి మొట్టైయా? మామ యాడమ్మా? ఆయన ఒళ్లో గదా కూర్చోవాల?"

శోభన మిగతా జడను తానే విప్పసాగింది. పెళ్లీ పిల్లలూ లేని తమ్ముడికి కర్మ చేయాల్సింది వీడే.

పిల్లవాడు, నిన్న విమానంలో వచ్చిన ఎర్రగుడ్డ కట్టిన ముంతను రెండు చేతులతో పొట్టకు అదుముకున్నాడు.

"మామే నా ఒళ్లో కూర్చోనుండాడు," అన్నాడు.