పేరు మీద పెట్టిన గుడ్లు

సముద్రం అడుగున ఒకచోట, చనిపోయినవాళ్ల పేర్లు చెక్కి మనుషులు దించిన సిమెంటు దిమ్మెలు ఉండేవి. వాటిలో ఒక దిమ్మె మీద, సరిగ్గా పేరు దగ్గరే, ఒక మగ నీలిచేప గుడ్లకు కాపలా కాస్తూ ఉండేది. ఆ జాతిలో కాపలా పని తండ్రిదే.

ఒకనాడు పొద్దున్నే వీపున గాలి సిలిండరు కట్టుకుని ఒకమ్మాయి అక్కడికి దిగింది. బ్రష్షు తీసి పేరు మీద నాచు తోమసాగింది. సగం పేరు తేలింది. బ్రష్షు గుడ్ల వైపు వస్తోంది.

"పారిపో నాయనా! అంత మనిషితో నువ్వేం పోట్లాడతావు?" అంది పక్కనున్న ముసలి తాబేలు.

"నేను పోతే వీళ్లకెవరున్నారవ్వా?" అంటూ నీలిచేప ఎదురెళ్లి ఆమె వేలు కొరికింది. ఆమె చెయ్యి విదిలించింది. అది మళ్లీ కొరికింది. అప్పుడామె వంగి చూసి, అక్షరాల మధ్య గుడ్లను గమనించింది. బ్రష్షు నడుమున దోపుకుని, దిమ్మె అంచున చెయ్యి ఆనించి కాసేపు ఉండి, పైకి వెళ్లిపోయింది.

"గెలిచాను!" అంది నీలిచేప.

"అది ఆ పిల్ల వాళ్ల నాన్న పేరట. గాలి కోసం పైకి వెళ్లినప్పుడు ఆమె పడవలో వాళ్లు అనుకుంటుంటే విన్నాను," అంది తాబేలు.

నీలిచేప వెనక్కి తిరిగి, సగమే తేలిన ఆ పేరు వైపు చూసింది. నాలుగో నాటికి గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చి ఈదుకుంటూ పోయాయి. నీలిచేప మాత్రం అక్కడే ఉండి మిగిలిన నాచు కొరకసాగింది.

"ఆకలా?" అంది తాబేలు.

"కాదవ్వా. నాకు చదవడం రాదు. చెక్కిన గీత తగిలిన చోటల్లా నాచు తీస్తున్నాను. ఆ పిల్ల మళ్లీ వచ్చేసరికి వాళ్ల నాన్న కనిపించాలి కదా."