తెల్లకాగితం

"ఆరు పద్ధతులూ ఒక్కరోజే చెబితే వాళ్ల బుర్రలో ఒక్కటీ నిలవదే, నీలవేణీ. అందరూ నాలాగే తెల్లకాగితం పంపుకుంటారు," అన్నాను, గ్రాఫులు నేర్పే క్లాసుకి ఇంకా ఎవరూ రాకముందే.

మా పేటలో బోరు నీళ్లు ఉప్పెక్కి నాలుగేళ్లయింది. ఇంటింటికీ ఉప్పు కొలిచే మీటరు పెట్టారు. ఎవరింటి ఉప్పు గ్రాఫు వాళ్లే ప్రోగ్రాం రాసి గీసుకుని, సేవ్ చేసి, నీళ్ల ఆఫీసుకి పంపాలి. అది చూశాకే మంచినీళ్ల ట్యాంకరు కదులుతుంది.

నా కూతురు నీలవేణి బోర్డు మీద సేవ్ చేసే పద్ధతులన్నీ రాసింది. బొమ్మగానట, కాగితంగానట, ఎంత పెద్దది చేసినా చెదరని గీతలుగానట, ఇంకా ఏవేవో.

"అన్నీ తెలియాలమ్మా. నువ్వు ప్రతిదానికీ హడలిపోతావు."

"హడలనా మరి? కిందటి నెల గ్రాఫుని తెర మీద కళ్లారా చూసుకుని, మూసేసి, అప్పుడు సేవ్ కొట్టాను. మూశాక ఇంకేముంటుంది? తెల్లకాగితం వెళ్లింది. మనింటి నీళ్లలో ఉప్పే లేదనుకుని ఆఫీసువాళ్లు ఎనిమిది రోజులు ట్యాంకరు పంపలేదు. మనం కాబట్టి ఓర్చుకున్నాం. చంటిపిల్లలున్న ఇల్లయితే?"

పక్కింటి పోలమ్మ కోడలు బిడ్డను చంకనేసుకుని వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. వెనక మిగతావాళ్లూ వచ్చారు. నేను డస్టరు కూతురి చేతికిచ్చి అక్కడే నిలబడ్డాను.

ముందు బెంచీలోని బిడ్డ వైపు ఒకసారి చూసి, నీలవేణి ఐదు పద్ధతులు చెరిపేసింది.

"సరేనమ్మా. ఇవాళ బొమ్మగా సేవ్ చేయడం ఒక్కటే. అదీ, తెర మీద చూడకముందే."