కమాల్ బాషా నేర్పిన మీటలు

దీవెనమ్మకు అన్నిటికన్నా భయం ఒకటే. జీపు తిరిగొస్తుంది, దాన్ని తోలుకుపోయిన శుభాకర్ రాడు.

శుభాకర్ ఆమె భర్త. జమ్మలమడుగు ఫ్యాక్షన్ నాయకుడొకరికి డ్రైవరు.

తనకు కంప్యూటరు ఉద్యోగం దొరికితే అతని చేత ఆ పని మాన్పించాలని ఆమె ఆశ. చదువు పదో తరగతితో ఆగింది. చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని ప్రొద్దుటూరు సెంటరులో నేర్చుకుంటోంది.

పక్క కుర్చీలోకి కొత్తగా కమాల్ బాషా అనే పెద్దాయన చేరాడు.

కంప్యూటరు నల్ల తెర మీద ఆమె ఫైలు పేరు ఒక్కో అక్షరం వెతికి కొడుతుంటే నవ్వాడు.

"అంతా కొట్టాల్నా బిడ్డా? రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కు. మిగతా పేరు అదే రాసుకుంటాది."

రాసుకుంది.

"ఇందాక కొట్టింది మళ్ళీ కావాలంటే, చిన్నాయనా?"

"పైబాణం."

వచ్చింది. చంటిది కూడా చెయ్యి చాపింది.

"నీకంటే ఇదే ముందు నేర్చుకునేట్టుండాది."

"తప్పు పని మొదలైపోతే?"

"కంట్రోల్ పట్టుకోని సి కొట్టు, ఆగిపోతాది. తుడిచేసినాక మాత్రం ఏ మీటా తెచ్చియ్యదు. తుడిచే ముందు ఏవేవి పోతాయో చూపించమను."

"ఇవన్నీ యాడ నేర్చుకుంటివి?"

"కువైట్ ఆఫీసులో."

మరి ఇక్కడికెందుకు వస్తున్నట్టు? ఆమెకు అంతుపట్టలేదు.

ఒకరోజు ఆయన గొంతు తగ్గించాడు. "రేపు మీ ఆయన జీపు పులివెందులకు ఏ దారిన పోతాది?"

దారి అడిగినవాళ్ళకు వేరే దారి చెప్పాలని జీపు తోలేవాళ్ళ ఇళ్ళల్లో కొత్త కోడలికి ముందే నేర్పుతారు.

"కమలాపురం మీద," అంది.

"ఆ దారి వద్దు. ముద్దనూరు మీద పొమ్మను."

నిజానికి శుభాకర్ పోవాలనుకున్నది ముద్దనూరు మీదే.

ఇంటికి పోయి భర్తకు చెప్పింది. "ఆడికే తోస్తాండాడంటే ఆడనే కాచుకోనుంటారు."

"అట్లయితే కమలాపురం మీదనే పోతా," అన్నాడు శుభాకర్.

మరుసటి రోజు జీపూ వచ్చింది, శుభాకరూ వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"కమలాపురం దాటినాక ఒక ముసలాయన రోడ్డుకడ్డం పడినాడు. 'దీవెనమ్మ మొగునివేనా, తిప్పుకోని పో' అనె. తిప్పినా. చెట్లెనక నుంచి మనుషులు లేచినారు."

"ఆయన్ను ఎక్కించుకోలేదా?"

"యాడ టైముండాది?"

అడ్డుపడ్డందుకు కమాల్ బాషా రెండు కాళ్ళూ విరగ్గొట్టారు. కడప ఆసుపత్రిలో ఉన్నాడు.

ద్రోహి అని అటు ఆయన సొంత ముఠావాళ్ళు రారు. ఆయన శత్రువని ఇటువాళ్ళు దీవెనమ్మను గడప దాటనివ్వరు.

మీరు కడప పోతే ఒకసారి ఆయన ఎట్లున్నాడో చూసి రండి. ఆ చెట్ల వెనక బాంబులు పట్టుకుని కూర్చున్నది ఆయన కొడుకే, ఇంట్లోనుంచి ఎవరూ వచ్చి ఉండరు.