పిట్టలకు లెక్కలు రావు

"వంగు నాన్నా, వంగు!"

లెక్కల మాస్టారు వంగేలోపే తెల్లటి సముద్రపు పిట్ట ఒకటి రివ్వున దిగి, ఆయన టోపీని ముక్కుతో టకామని కొట్టిపోయింది. ఇంకొకటి గురిచూసి మరీ భుజం మీద రెట్ట వేసింది. ఆకాశం నిండా పిట్టలే, చెవులు చిల్లులు పడే గోల. కింద ఇసుక మీద మాత్రం అడుగుకొక గుడ్డు. కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ తండ్రీకూతుళ్లు ఆకుపచ్చ గుడారం చేరేసరికి మాస్టారికి ఆయాసం వచ్చింది.

"అన్నీ నా మీదే పడతాయేమే? నీ మీద ఒక్క చుక్క కూడా పడలేదు."

"నువ్వు పొడుగు కదా. ఎవరి తల ఎత్తుగా ఉంటే వాళ్లనే పొడుస్తాయి" అంది కూతురు, గుడారం తెర ఎత్తి లోపలికి దూరుతూ. "ఇక నువ్వు వెళ్లు నాన్నా. వాటికి బాగా కనబడేలా నడు."

మాస్టారి కొత్త ఉద్యోగం అదే. రావడం, పోవడం.

వందల పిట్టల్లో తల్లి తన పిల్లను ఎలా పోల్చుకుంటుందన్నది కూతురి పరిశోధన. గుడారంలో కూర్చుని, సందులోంచి చూస్తూ రాసుకోవాలి. తన పనికి తండ్రి అవసరం పడుతుందని ఆమె మొదట్లో చెప్పలేదు. భార్య పోయాక మాస్టారు మంచానికి అంటుకుపోయారు. నడవకపోతే కాళ్లు పడిపోతాయని డాక్టరు మొత్తుకుంటే, "నడిచి ఎక్కడికెళ్లాలి?" అన్నారు. కూతురు సముద్రం ఒడ్డున ఉన్న తన క్వార్టర్స్‌కి తెచ్చుకుంటే అక్కడా గోడవైపు తిరిగి పడుకున్నారు. బతిమాలింది, కోప్పడింది, ఏడ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఒకరోజు వచ్చి మంచం పక్కన చతికిలబడింది.

"నీ ఆరోగ్యం కోసం కాదు నాన్నా, నా ఉద్యోగం కోసం అడుగుతున్నా. నాతో గుడారం దాకా వచ్చే ఆయనకి బదిలీ అయింది. నేనొక్కదాన్నే వెళ్తే, మనిషి లోపలే ఉందని పిట్టలు కిందికి దిగవు. ఎండకి గుడ్లు ఉడికిపోతాయి. ఇద్దరం వెళ్లి ఒకరు తిరిగొచ్చేస్తే, వచ్చినవాళ్లు వెళ్లిపోయారనుకుంటాయి."

"రెండులోంచి ఒకటి తీస్తే ఒకటి మిగులుతుంది. ఆ మాత్రం తెలీదా వాటికి?"

"పిట్టలకి లెక్కలు రావు నాన్నా."

"నా దగ్గర చదువుకున్నవాళ్లలో సగం మంది అంతే" అన్నారు మాస్టారు. భార్య పోయాక ఆయన నోట వచ్చిన మొదటి హాస్యం అది. కూతురు నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

మర్నాడు ఆయన టోపీ పెట్టుకున్నారు. మొదట్లో దారి పొడుగునా మూలుగుతూ నడిచేవారు. రానురాను మూలుగు పోయి ఈల వచ్చింది. అన్నంలో కూర మారు అడిగి వేయించుకుంటున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి గొప్పలు కూడా మొదలయ్యాయి.

"నేనొక్కరోజు మానేస్తే పరిశోధనంతా మూలపడుతుందోయ్!"

"మరే సార్. మీరు రాకముందు అమ్మగారు ఎలా నెట్టుకొచ్చారో ఏమో!"

"అప్పుడు వేరే ఆయన ఉండేవాడుగా?"

"ఆఁ... ఉండేవాడు సార్, ఉండేవాడు" అన్నాడు వాచ్‌మన్, చేతిలోనే ఉన్న తాళాల గుత్తిని వెతుక్కుంటూ.

అలా సాగిపోతుండగా ఒక సాయంత్రం వానలో తడిసి మాస్టారు జ్వరం తెచ్చుకున్నారు. తెల్లవారి లేవబోతే కూతురు పట్టుకుని పడుకోబెట్టింది.

"ఈ రోజుకి వద్దు. నేను కూడా అటు వెళ్లను, గదిలో కూర్చుని రాసుకుంటా."

"ఒట్టు? ఎండ చూస్తే మండిపోయేలా ఉంది. గుడ్లు జాగ్రత్తమ్మా."

"ఒట్టు నాన్నా. పడుకో."

మాత్ర వేసుకుని కునుకు తీసి లేచారు. దాహమేసి మంచినీళ్లు తాగుతూ కిటికీలోంచి చూస్తే, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని ఇసుక దిబ్బల వైపు వెళ్తోంది కూతురు. ఒక్కతే.

"పిచ్చిపిల్ల!" అన్నారు మాస్టారు పైకే. పని మీదికి మనసు పోయిందంటే ఆగదు, అచ్చం వాళ్లమ్మే. ఇప్పుడు పిట్టలన్నీ లేచి, మళ్లీ దిగకుండా ఉండిపోతే? గుడ్లన్నీ మాడిపోతే దాని కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే కదా!

గ్లాసు అక్కడే వదిలేశారు. చెప్పులు వేసుకునే తీరిక కూడా లేదు. "జ్వరంతో ఎక్కడికి సార్? ఆగండి, వెళ్లకండి!" అని వాచ్‌మన్ వెంటపడుతున్నా వినలేదు. వరండా దాకా రమ్మంటే రానన్న మనిషి, కాలే ఇసుకలో వట్టి కాళ్లతో దిబ్బ ఎక్కేశారు.

కూతురు అప్పటికే పిట్టల గుంపు మధ్యకి వెళ్లిపోయింది. గుడారం ఇంకా సగం దూరం ఉంది. పెరట్లో తిరుగుతున్నంత తాపీగా నడుస్తోంది. ఆగమని కేక వేయడానికి మాస్టారు చెయ్యెత్తారు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆమె పక్కనుంచే పోతున్నా, గుడ్ల మీంచి ఒక్క పిట్ట కూడా లేవలేదు.