నలభై ఏళ్ల పిండిముద్ద

“తీసిపెట్టావా, లేదా? ముందు అది చెప్పు,” అంది బొదిల్.

చెల్లెలు విబెకె పొయ్యి వైపు చూసింది. రొట్టెలు లోపలికి వెళ్ళి అప్పటికే పావుగంట దాటింది.

“నువ్వే తీసి ఉంటావనుకున్నానక్కా.”

బొదిల్‌కి ఒళ్ళు భగ్గున మండింది. రై అనే ధాన్యంతో చేసే నల్ల రొట్టెకి పిండి కలిపాక, గింజలు వెయ్యకముందే గుప్పెడు పిండి తీసి, పైన రాళ్ళుప్పు చల్లి సీసాలో దాచాలి. వచ్చేసారి రొట్టెను పులియబెట్టేది అదే. సీసాలో ఉన్న పాతదంతా కొత్త పిండిలో కలిపేస్తారు కాబట్టి, ఈ గుప్పెడు తియ్యడం మరిచారా, ఇక అంతే సంగతులు. పెరుగు తోడుకి చెంచాడైనా మిగల్చకుండా గిన్నె ఊడ్చేసినట్టే. ఈ దేశంలో రొట్టె కలిపే చెయ్యి ఏదైనా ఆ గుప్పెడు తనంతట తనే పక్కకి తీస్తుంది. విబెకె చెయ్యి తియ్యలేదు.

పోనీ, ఏదో పిండి అయితే సరిపెట్టుకోవచ్చు. అది అమ్మది. అమ్మ అగ్నెతె నలభై ఏళ్ళు కాపాడుకుంటూ వచ్చిన పులిపిండి. మార్చిలో ఆవిడ పోయిన దగ్గర్నుంచీ బొదిల్ దాన్ని చంటిబిడ్డను సాకినట్టు సాకింది. సెలవులకి ఈ దీవికి వస్తూ, ఇంట్లో వదిలి రావడానికి మనసొప్పక, సీసాను ఒళ్ళో పెట్టుకుని పడవెక్కింది. రొట్టెల తరగతికి సొంత పులిపిండి తెచ్చుకోవచ్చని ఎయ్నార్ అన్నప్పుడు ఎంత మురిసిపోయిందో. ఎయ్నార్ ఈ ఊరి పాత రొట్టెలాయన. వేసవిలో సెలవులకొచ్చిన వాళ్ళకి రొట్టెలు చెయ్యడం నేర్పుతుంటాడు. వేసవికి అమ్మ వెంట ఇక్కడికొచ్చే ఈ అక్కాచెల్లెళ్ళను జడలేసుకున్నప్పటి నుంచీ ఎరుగును.

మొగుడు ఫోన్ చేస్తే బొదిల్ బయటికి వెళ్ళిన మాట నిజం. వెళ్తూ వెళ్తూ చెల్లెల్ని చూసుకోమన్న మాటా నిజం. ఏం చూసుకోవాలో చెప్పలేదుగా అని విబెకె గొణిగింది.

“దానికి కూడా చెప్పాలా? ముక్కుతో గాలి పీల్చమని కూడా చెప్పి వెళ్ళాలా నీకు?”

బొదిల్ గబగబా వెళ్ళి పొయ్యి తలుపు పట్టుకుంది. ఎయ్నార్ అడ్డం వచ్చాడు. అంత వేడి తగిలాక ఇక పులిపిండి ఉండదని, ఇప్పుడు తలుపు తీస్తే రొట్టె కూడా దక్కదని నెమ్మదిగా చెప్పాడు. పక్క బల్ల దగ్గర రెండు జర్మన్ జంటలు తలలు వంచుకుని తమ పిండిని మర్దిస్తూనే ఉన్నాయి. వాళ్ళకి డేనిష్ రాదు. కోపం ఏ భాషలోనైనా అర్థమవుతుంది గనుక తలలు ఎత్తలేదు.

“అమ్మ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఎన్నిసార్లు వచ్చావే నువ్వు?” అంది బొదిల్. “రెండుసార్లు. ఇప్పుడు అమ్మదంటూ మిగిలిన ఆ ఒక్కటీ తగలబెట్టావు. కడుపు నిండిందా?”

అనకూడని మాట అన్నానని అన్నాక తెలిసింది. కానీ వెనక్కి తీసుకోవాలనిపించలేదు. విబెకె మొహం పాలిపోయింది. మాట మాత్రం మెత్తగా రాలేదు.

“మార్చిలో ఒక్క చెంచా అడిగాను నిన్ను. ఒక్క చెంచా. ‘నీ చేతిలో పూలమొక్కే నిలవదు, ఇదేం నిలుస్తుంది’ అన్నావు, పదిమందిలో. ఆ రోజు ఇచ్చి ఉంటే ఇవాళ నా ఇంట్లో ఉండేది. అమ్మ పిండిని చంపింది నేను కాదక్కా. నీ పిసినారితనం.”

ఆ మాటకి బొదిల్‌కి ఇంకా మండింది. ఆ మంటంతా ఎయ్నార్ మీదికి తిప్పింది. తరగతి చెప్పేవాడికి బల్లల మీద ఓ కన్నుండొద్దా అంది. వారానికో కొత్త గుంపుకి రొట్టెలు నేర్పే మనిషికి, ఒక ఇంట్లో తరం పాటు బతికిన దాని విలువేం తెలుస్తుందంది. పెద్దాయన అన్న గౌరవం కూడా మిగల్చలేదు. ఆయన అన్నీ విన్నాడు.

అరిచి అరిచి బొదిల్ స్టూలు మీద కూలబడింది.

“నలభై ఏళ్ళు చూసుకుంది మా అమ్మ. ఒక్క వారం కూడా ఏమరలేదు. ఆవిడ కడుపున పుట్టాం, ఇద్దరం కలిసి నాలుగు నెలలు నిలబెట్టలేకపోయాం.”

విబెకె ఏడుస్తోంది. ఎయ్నార్ చేతుల పిండి దులుపుకున్నాడు. జర్మన్లను కాఫీ తాగి రమ్మని బయటికి పంపి, తలుపు దగ్గరగా వేశాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“నాలుగు నెలలంటే చాలా ఎక్కువమ్మా,” అన్నాడు చివరికి. “మీ అమ్మ చేతిలో అది మూడు నెలలు దాటి బతకడం నేనెప్పుడూ చూళ్ళేదు, బూజు పట్టిన ప్రతిసారీ నాకు ఫోన్ చేసి, ‘ఇంకో సీసా పంపు ఎయ్నార్, నా పిల్లలకి మాత్రం తెలియనివ్వకు’ అనేది.”