అంతా మనోళ్లే

“అయిపోయిన సంగతులు మనసుల పెట్టుకోకు తమ్మీ,” అంటూ దేవదాస్ సైకిళ్ల కొట్లోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తిరుపతి చేతిలో పానా ఉంది. దేవదాస్ నెత్తి దానికి జానెడు దూరంలో ఉంది. ఆ జానెడు దూరం దాటకుండా చేతిని ఆపుకోవడానికి తిరుపతి పళ్లు కొరుక్కోవాల్సి వచ్చింది.

మనసులో పెట్టుకోకుండా ఎట్లా ఉంటాడు? కంపెనీ వీసా అని చెప్పి విజిట్ వీసా మీద అతన్ని షార్జాకు తోలిన ఏజెంటు ఈ దేవదాసే. దిగిన నెలకే వీసా గడువు తీరి దొంగ బతుకైంది. రెండేళ్లు పోలీసు కనబడితే చాలు సందుల్లో పడి ఉరికాడు.

బయట కోరుట్ల రోడ్డు మీద ట్రాలీ ఆటోలో ఆరు కొత్త సైకిళ్లున్నాయి. లావు టైర్లవి, గుట్టలెక్కే రకం.

“వీటికి సంచులు కట్టే కడ్డీలు బిగియ్యాలె,” అన్నాడు దేవదాస్. “సిరిసిల్లల మొదలువెట్టి చందుర్తి మీదికెల్లి రుద్రంగి గుట్టలు. ఆన్నుంచి గిట్ల కోరుట్ల, ఆకరికి బీర్పూర్ గుట్టలు. మూడు దినాలు. తినుడు, పండుడు అంత తొవ్వలనే. గిప్పుడు గదే ఫ్యాషన్.”

“ఎవలెవలు పోతున్నరన్నా?”

“ఇంకెవలు? అంత మనోళ్లే.”

మనోళ్లంటే ఎవరో తిరుపతికి తెలియనిదా! వీడూ, వీడిలాంటి మరో ఐదుగురు ఏజెంట్లూ. మందిని ఎడారికి తోలి పెంచుకున్న పొట్టలు కరగాలంటే గుట్టలే ఎక్కాలి మరి.

“గీ నెలల మబ్బును నమ్మేటట్టు లేదన్నా. పొద్దంత ఎండ కొడ్తది, మాపటికి రాళ్లవాన పడ్తది.”

“నేనేమన్న పిచ్చోన్నా? అన్ని జూసుకున్న.” దేవదాస్ ఫోన్ తీసి ముఖం ముందు పెట్టాడు. “షార్జా నుంచి మా బామ్మర్ది తెచ్చిచ్చిండు. ఇగో, వాతావరణం జూడు. మూడు దినాలల్ల ఒక్క చుక్క లేదు.”

తిరుపతి చూశాడు. వరసగా మూడు సూర్యుళ్లు మెరుస్తున్నాయి. వాటిపైన చిన్న అక్షరాల్లో ‘అల్ నహ్దా’ అని ఉంది.

అల్ నహ్దా షార్జాలో ఒక పేట. రెండేళ్లు తను దాక్కున్నది అక్కడే. బామ్మర్ది పెట్టిన ఊరు ఫోన్‌లో అట్లాగే ఉండిపోయింది. ఈ తెలివిగల మనిషి షార్జా ఎండను చూసుకుని రుద్రంగి గుట్టల ప్రయాణం కట్టాడు!

‘అన్నా, గిది మన దిక్కుది కాదు’ అనే మాట నోటి దాకా వచ్చింది. తిరుపతి దాన్ని మింగేశాడు. అంత కమ్మటి ముద్ద షార్జాలో ఉన్నన్నాళ్లూ అతను ఒక్కటీ మింగలేదు.

“ఫోన్ మంచిగున్నదన్నా,” అన్నాడు.

“సంచులల్ల వాన కవర్లు, టార్పాలిన్లు గూడ పెట్టిపిచ్చిన. పనికొస్తయా?”

“దేనికి? ఉత్త బరువు. గుట్ట ఎక్కేటప్పుడు పానం తీస్తయి.”

“మొదటి రాత్రి రుద్రంగి బడిల పండుడని అనుకున్నం. మబ్బు గిబ్బు పట్టినా భయముండదని.”

“గుట్టలకు పోయి బడిల పండుతరా ఎవలన్న? మీద పెద్ద బండ ఉన్నది. పరుపు లెక్క సాపుగుంటది. ఆడ ఎయ్యుండ్రి గుడారాలు. చుట్టూర గాలే గాలి.”

“నీ మనసు మంచిది తమ్మీ,” అని దేవదాస్ అతని వీపు తట్టాడు. సైకిళ్లూ సంచులూ కొట్లో దింపించి వెళ్లిపోయాడు.

తిరుపతి భార్య స్వరూప తలుపు చాటు నుంచి అంతా విన్నది. “ఆ బండ మీద చెట్టు గూడ లేదు గదా. రాళ్లవాన పడితే తలకాయలు పగుల్తయి.”

“పగలనియ్యి.”

స్వరూప సంచుల వైపు నడిచింది. మొగుడి జాడ అడగడానికి ఆ రెండేళ్లూ ఆమె దేవదాస్ గేటు ముందు ఎండలో నిలబడింది. ఒక్కనాడూ గేటు తెరుచుకోలేదు. ఇప్పుడు ఆమె కిందికి వంగి సంచులు విప్పింది. వాన కవర్లూ టార్పాలిన్లూ తీసి మంచం కిందికి తోసింది. బరువులో తేడా తెలియకుండా వాటి చోట పాత బట్టలు కుక్కింది.

“ఆ చివరి సంచిల ఇంకొకటున్నది,” అన్నాడు తిరుపతి.

అదీ లాగేసింది.

సైకిళ్లు బయలుదేరిన నాటి సాయంత్రమే రుద్రంగి వైపు ఆకాశం నల్లగా మారింది. గాలిదుమారం లేచింది. ఆ వెనకే కొట్టు రేకుల మీద రాళ్లు పడ్డాయి, నిమ్మకాయలంతేసి. పక్కింటి రేకు ఎగిరి రోడ్డు మీద పడింది. మొగుడూ పెళ్లాలు గడపలో కూర్చుని ఆ మోతను పెళ్లి బాజాలాగా విన్నారు. తిరుపతికి కడుపు నిండినట్టయింది.

“ఇంక దంచాలె,” అంది స్వరూప. “రేపు గీతకు ఫోన్ చేసి చెప్త. జగిత్యాల హాస్టల్ల కూసొని నవ్వుకుంటది బిడ్డ.”

తిరుపతికి రేపటిదాకా ఆగబుద్ధి కాలేదు. వాడి ఏడుపు ఇప్పుడే, ఈ వానలోనే వినాలి. దేవదాస్‌కు ఫోన్ చేశాడు. కలవదేమో అనుకున్నాడు గానీ మొదటి రింగుకే ఎత్తాడు.

“ఎట్లున్నదన్నా గుట్ట మీద?”

“గుట్ట మీదనా? నేను ఇంట్ల మంచం మీదున్న తమ్మీ. అప్పుడు షార్జాకు, గిప్పుడు గుట్టలకు, తోలుడే నా పని గని నేనెన్నడన్న పోయిన్నా?”

తిరుపతి లేచి నిలబడ్డాడు. “మరి అంత మనోళ్లే అంటివి?”

“మనోళ్లే గద! జగిత్యాల కాలేజి ఆడివిల్లలు. నాయినకు చెప్పద్దన్నది గని, వాళ్లందరిని ఎంబడివెట్టుకొని పోయింది మీ గీతనే.”